ఉప్పు, చక్కెర, ఉలికిపాటు

రాత్రి పదిన్నరకి బండి మీద ఇంటికొస్తుంటే వీధి మలుపులో నాలుగు కుక్కలు వెంటపడతాయి. ఎలాగో వేగం పెంచి బయటపడతాం. ఇంటి ముందు బండి ఆపి స్టాండు వేసేటప్పటికి ఆ కుక్కలు ఎక్కడో అరకిలోమీటరు వెనకే ఆగిపోయి ఉంటాయి. ఇక ప్రమాదం లేదు. ఆ సంగతి మనకి తెలుసు కూడా. అయినా తాళంచెవి గేటు తాళంలో దూరదు, చెయ్యి వణుకుతుంటుంది. గుండె చప్పుడు చెవుల్లో వినబడుతుంటుంది. నోరు పిడచగట్టుకుపోయి ఉంటుంది. కుక్కలు పోయాక కూడా ఒళ్లెందుకు భయపడుతూనే ఉంటుంది?

కబురు పోయే దారులు రెండు కాబట్టి.

మొదటిది నాడుల దారి. భయం పుట్టిన మరుక్షణం వెన్నుపాము నుంచి సింపథటిక్ నాడులు నేరుగా గుండెకీ, రక్తనాళాలకీ, కంటిపాపకీ కబురందిస్తాయి. సెకను తిరక్కుండా పని జరిగిపోతుంది. రెండోది రక్తం దారి. అవే నాడుల్లో కొన్ని మూత్రపిండాల నెత్తిన కూర్చున్న రెండు చిన్న గ్రంథుల్లోకి వెళ్లి ఆగుతాయి. కబురందగానే ఆ గ్రంథులు అడ్రినలిన్ అనే రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. ఇలా ఒకచోట పుట్టి, రక్తంలో ప్రయాణించి, ఇంకోచోట పనిచేసే రసాయనాలే హార్మోన్లు.

నాడి ఊరుకుంటే దాని కబురు అక్కడితో సరి. రక్తంలో కలిసినదాన్ని మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేరు. వదిలిన అడ్రినలిన్‌లో సగం కరిగిపోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మిగిలిన దాంట్లో సగం పోవడానికి మరో రెండు మూడు నిమిషాలు. మనం గేటు దగ్గర తాళంతో కుస్తీ పడుతున్నది ఆ మిగులుతోనే. లోపలికెళ్లి ఇంట్లోవాళ్లకి కథంతా చెప్పడం మొదలెడితే ఇంకాస్త విడుదలవుతుంది, అది వేరే సంగతి.

ఉలికిపాటు చేసే పనులు

అడ్రినలిన్ ఒంట్లో చేసే పనులన్నీ ఒకే అవసరం చుట్టూ తిరుగుతాయి: పరుగెత్తాలి, లేదా తిరగబడాలి. గుండె వేగంగా, గట్టిగా కొట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు వెడల్పవుతాయి. చర్మానికీ, పేగులకీ పోయే రక్తం తగ్గి కండలకి మళ్లుతుంది. మొహం పాలిపోవడం అందుకే, ఆకలి చచ్చిపోవడమూ అందుకే. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ కానన్ భయం, ఆకలి, కోపం, నొప్పి కలిగినప్పుడు జంతువుల ఒంట్లో జరిగే మార్పులన్నిటినీ కూర్చి 1915లో పుస్తకం వేశాడు. బెదిరిన పిల్లి పేగులు కదలడం మానేస్తాయని ఎక్స్‌రేలో ఆయన చూసినప్పుడు మొదలైంది ఆ పరిశోధన.

మరి వణుకు సంగతేమిటి? కండరాల మీద ఉండి హార్మోను కబురందుకునే ఒక రకం గ్రాహకాలకి అడ్రినలిన్ తగిలితే వణుకు పుడుతుంది. ఉబ్బసానికి సాల్బుటమాల్ పంపు వాడేవాళ్లకి ఇది బాగా అనుభవం. గాలిగొట్టాలు తెరుచుకోవడానికి మందు పీలిస్తే పది నిమిషాల్లో వేళ్లు సన్నగా వణుకుతాయి. గాలిగొట్టాల మీదా, కండల మీదా ఉన్నది ఒకే రకం గ్రాహకం కాబట్టి ఒకదాన్ని తాకి రెండోదాన్ని పూర్తిగా తప్పించడం ఆ మందుకి కుదరదు. పన్ను పీకేముందు చిగుళ్లకిచ్చే మత్తు సూదిలో కూడా తరచుగా కాస్త అడ్రినలిన్ కలిపి ఉంటుంది. రక్తనాళాలు ముడుచుకుంటే మత్తు అక్కడే ఎక్కువసేపు నిలుస్తుంది. కుర్చీలో కూర్చున్న మనకి గుండె ఒక్కసారి దడదడలాడితే అది పూర్తిగా మన పిరికితనం కాదు.

కాలేయంలో జరిగేది ఇంకా ఆసక్తికరం. అక్కడ చక్కెర గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. అడ్రినలిన్ వచ్చి తగిలితే ఆ నిల్వ విడిపోయి గ్లూకోజు రక్తంలోకి వస్తుంది. విచిత్రమేమంటే అడ్రినలిన్ కణం లోపలికి అడుగే పెట్టదు. బయటే ఆగిపోతుంది. మరి లోపల పనెవరు చేస్తున్నారు? ఎర్ల్ సదర్లాండ్ 1950లలో ఆ రెండో దూతని పట్టుకున్నాడు. సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువది. బయట అడ్రినలిన్ తగిలినప్పుడల్లా లోపల కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి ఇది తయారవుతుంది. ఈ పనికి ఆయనకి 1971లో నోబెల్ వచ్చింది. దీనికి ముడిసరుకైన ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. జర్మనీలో కార్ల్ లోమాన్, హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావు అదే ఏడాది ఎవరికి వారుగా దాన్ని పట్టుకున్నారు.

సినిమా ఫైట్ల దగ్గర్నుంచి బంగీ జంపుల ప్రకటనల దాకా అడ్రినలిన్ పేరు వినబడని చోటు లేదు. ఇంత పేరున్న ఈ హార్మోను తయారయ్యే భాగాన్ని ఒంట్లోంచి తీసేసినా మనిషి బతుకుతాడు. దాని బదులు రోజూ మాత్ర వేసుకోనక్కర్లేదు కూడా, నాడులు ఆ పనిని చాలావరకు నెట్టుకొస్తాయి. అదే గ్రంథి పైభాగం పోతే, మందు అందకపోతే, కొద్ది రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ పైభాగం పేరు ఎవరికీ తెలియదు. ఈ అధ్యాయంలో ఎక్కువ చోటు దానికే.

బెరడు, దవ్వ

పాఠ్యపుస్తకాల్లో అధివృక్క గ్రంథులు అంటారు, డాక్టర్లు అడ్రినల్స్ అంటారు. ఒక్కోటీ నాలుగైదు గ్రాములు. కుడివైపుది ముక్కోణంగా, ఎడమవైపుది నెలవంక ఆకారంలో ఉంటుంది. ఇటలీ వైద్యుడు బర్తలొమియో యుస్తాకీ 1563 ప్రాంతంలో వీటిని మొదటగా వర్ణించాడు. ఇవెందుకున్నాయో ఆయనకే కాదు, ఆ తర్వాత మూడు వందల ఏళ్లపాటు ఎవరికీ అంతుపట్టలేదు. చనిపోయినవారి శరీరంలో ఈ గ్రంథి లోపలిభాగం త్వరగా మెత్తబడి కరిగిపోతుంది, అందుకని కోసి చూసినవాళ్లకి బోలు సంచిలా కనబడేది. అందులో నల్లటి పిత్తరసం ఉంటుందనుకున్నారు. 1716లో ఫ్రాన్సులోని బోర్దో అకాడమీ ఈ గ్రంథుల ప్రయోజనం చెప్పినవారికి బహుమతి అని పోటీ పెట్టింది. వచ్చిన వ్యాసాలన్నీ చదివి తీర్పు చెప్పాల్సిన పని మాంటెస్క్యూ మీద పడింది. తర్వాతి కాలంలో రాజనీతి గ్రంథాలతో ప్రసిద్ధికెక్కిన మాంటెస్క్యూయే. ఒక్క వ్యాసమూ బహుమతికి తగదని ఆయన తేల్చేశాడు.

అడ్డంగా కోస్తే లోపల రెండు పదార్థాలు కనబడతాయి. బయట పసుపుపచ్చని బెరడు. లోపల ముదురు రంగు దవ్వ. అడ్రినలిన్ తయారయ్యేది దవ్వలో. ఇది పుట్టుకతో నాడీకణజాలానికి చుట్టం. పిండంలో వెన్నుపాము ఏర్పడేచోటు నుంచి కొన్ని కణాలు వలస వచ్చి ఇక్కడ స్థిరపడతాయి. బెరడుకి ఆ చుట్టరికం లేదు. మూత్రపిండాలు, జననగ్రంథులు ఏర్పడే కణజాలం దానిది. నిజానికి ఇవి రెండు వేరు వేరు అవయవాలు. సొరచేపల్లో ఇప్పటికీ విడివిడిగానే ఉంటాయి. మనలాంటి పాలిచ్చే జంతువుల్లో ఒకటి ఇంకోదాన్ని చుట్టేసింది.

ఎందుకు చుట్టేసిందో రక్తం పోయే దారి చూస్తే కొంత తెలుస్తుంది. గ్రంథిలోకి వచ్చే రక్తంలో ఎక్కువభాగం ముందు బెరడులో తిరిగి తర్వాతే దవ్వకి చేరుతుంది. వస్తూ వస్తూ బెరడులో తయారైన కార్టిసాల్ అనే హార్మోనుని చిక్కగా మోసుకొస్తుంది. దవ్వలో నోరడ్రినలిన్ అనే పదార్థాన్ని అడ్రినలిన్‌గా మార్చే ఎంజైము ఒకటుంది. చిక్కటి కార్టిసాల్ లేకపోతే ఆ ఎంజైము సరిగ్గా తయారుకాదు. అంటే లోకమంతా పొగిడే అడ్రినలిన్ పుట్టాలంటే పక్కన బెరడు ఉండితీరాలి.

అడ్రినలిన్‌ని శుద్ధమైన స్ఫటికాలుగా విడదీసింది 1900లో న్యూయార్క్‌లో పనిచేస్తున్న జపాన్ రసాయనవేత్త జోకిచి తకమినె, ఆయన సహాయకుడు కెయిజో ఉయెనక. కబేళాల నుంచి తెప్పించిన పశువుల గ్రంథులతో ఆ పని చేశారు. వాషింగ్టన్ నగరానికి 1912లో జపాన్ నుంచి వచ్చిన చెర్రీ చెట్ల వెనక కూడా ఈ తకమినె చెయ్యే ఉంది.

ఎర్రతేలు

దవ్వ హద్దు మీరితే ఏమవుతుందో చూడాలంటే రాయలసీమలో, తెలంగాణ మెట్ట ఊళ్లలో రాళ్లగుట్టల దగ్గర చూడొచ్చు. మండ్రగబ్బ చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, నల్లగా, అరచేతి పొడుగున. కుడితే నొప్పి నరకమే కానీ సాధారణంగా ప్రాణం తీయదు. చంపేది రెండు మూడంగుళాల ఎర్రతేలు. చెప్పులో, కట్టెల మోపులో, ఆరేసిన చొక్కా మడతలో దాక్కుంటుంది.

దాని విషం నాడుల మీద ఉండే సోడియం ద్వారాలని తెరిచి మూసుకోనివ్వదు. నాడులు ఆపకుండా కబుర్లు పంపుతూనే ఉంటాయి. అడ్రినల్ దవ్వా, ఒళ్లంతా ఉన్న సింపథటిక్ నాడుల కొసలూ ఉన్న నిల్వనంతా కుమ్మరిస్తాయి. కుట్టించుకున్న పిల్లవాడికి వాంతులవుతాయి, చెమటతో చొక్కా తడిసి ముద్దవుతుంది, చేతులూ కాళ్లూ మంచులా చల్లబడతాయి. రక్తనాళాలన్నీ బిగుసుకుపోయి రక్తపోటు ఎగబాకుతుంది. ఆ బిగువుకి ఎదురీదలేక గుండె అలిసిపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, నోటివెంట గులాబీరంగు నురుగొస్తుంది. నొప్పికి ఏడుస్తూ కాళ్లూ చేతులూ వెచ్చగా ఉన్న పిల్లవాడికంటే నొప్పి పెద్దగా లేకుండా చల్లబడుతున్న పిల్లవాడి విషయంలోనే ఎక్కువ కంగారు పడాలి.

మహారాష్ట్రలో మహద్ దగ్గర ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరిన హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే యువ వైద్యుడు 1970ల చివర్లో ఈ చావుల్ని వరసగా చూశాడు. అప్పట్లో ఇచ్చే మందులు పనిచేసేవి కావు. ఒక్కొక్క రోగి పక్కనే రాత్రంతా కూర్చుని నాడి, రక్తపోటు రాసుకుంటూ పోయాక ఆయనకి అర్థమైంది, ఇది విషం నేరుగా గుండెని చంపడం కాదని, మన సొంత హార్మోన్ల ఉప్పెనని. ఆ ఉప్పెన రక్తనాళాలని బిగించే గ్రాహకాలని మూసేస్తే? రక్తపోటుకి వాడే ప్రాజోసిన్ మాత్ర సరిగ్గా ఆ పనే చేస్తుంది. ఆయన 1986లో 'లాన్సెట్' పత్రికలో ఈ వైద్యం గురించి రాశాడు. ప్రాజోసిన్ వాడకం మొదలయ్యాక తేలుకాటు చావులు బాగా తగ్గిపోయాయి. మాత్రతో పాటు విషానికి విరుగుడు సీరం కూడా ఇస్తే ఇంకా తొందరగా కోలుకుంటారని ఆయనా, ఆయన భార్య ప్రమోదిని 2011లో చూపించారు. ఖరీదైన యంత్రమేదీ లేని పల్లె ఆస్పత్రిలో కళ్లతో చూసి, చేత్తో తాకి, కాగితం మీద రాసుకుని కనిపెట్టిన వైద్యమిది. వైద్య విద్యార్థులకి దీన్ని మొదటి ఏడాదే చెప్పాలని నాకనిపిస్తుంది.

ఉప్పు అడిగిన పిల్లవాడు

ఇక బెరడు. ఇందులో మూడు పొరలు. పై పొరది ఉప్పు వ్యవహారం, నడిమి పొరది చక్కెర వ్యవహారం. లోపలి పొర పురుష హార్మోన్లకి ముడిపదార్థాలు చేస్తుంది. మగవాళ్లలో వృషణాల ముందు దాని వాటా లెక్కలోకి రాదు, ఆడవాళ్లలో కొంత ఉంటుంది.

1940లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌కి చెందిన లాసన్ విల్కిన్స్, కర్ట్ రిక్టర్ ఒక మూడున్నరేళ్ల పిల్లవాడి గురించి రాశారు. వాడికి ఏడాది వయసప్పటి నుంచి ఉప్పు పిచ్చి. ఉప్పు బిస్కెట్లు ఇస్తే మీది ఉప్పు నాకేవాడు. మాటలు వచ్చినప్పుడు మొదట నేర్చుకున్న వాటిలో 'ఉప్పు' ఒకటి. ఉప్పు డబ్బా కనబడితే చాలు, అందులోంచే తినేవాడు. తల్లిదండ్రులు విసుక్కున్నా మొత్తానికి ఇచ్చేవారు. వయసుకి మించిన శారీరక ఎదుగుదల కనబడుతోందని ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ అందరితో పాటు మామూలు ఆస్పత్రి భోజనం పెట్టారు. అడిగినంత ఉప్పు ఇచ్చేవాళ్లు లేరు. వారం తిరిగేసరికి పిల్లవాడు చనిపోయాడు. శవపరీక్ష చేస్తే అడ్రినల్స్‌లో లోపం బయటపడింది. ఇంట్లో అన్నేళ్లు వాడి ప్రాణం నిలబెట్టింది ఆ ఉప్పు డబ్బాయే.

రిక్టర్‌కి ఇది కొత్త కాదు. అంతకుముందే ఎలుకల్లో అడ్రినల్స్ తీసేసి చూశాడు. మామూలు తిండితో అవి చచ్చిపోయాయి. బోనులో మంచినీళ్ల పక్కన ఉప్పునీళ్లు కూడా పెడితే అవే ఏరికోరి ఉప్పునీళ్లు తాగి బతికాయి.

ఎందుకిలా? మూత్రపిండాలు రోజుకి 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. రక్తంలో ఉన్నంత ఉప్పే అందులోనూ ఉంటుంది. లెక్కేస్తే రోజుకి దాదాపు కిలోన్నర. మనం తినేదేమో పది గ్రాములో, కాస్త అటూ ఇటో. కాబట్టి వడకట్టిన ఉప్పంతా తిరిగి రక్తంలోకి లాక్కోవాలి. ఎక్కువ భాగాన్ని మూత్రపిండం తనంతట తానే లాక్కుంటుంది. ఆఖరి రెండు శాతం దగ్గర మాత్రం హార్మోను అనుమతి కావాలి. ఆ హార్మోను అల్డోస్టెరాన్, బెరడు పై పొర చేసేది. రెండు శాతమే కదా అనుకోవచ్చు. కిలోన్నరలో రెండు శాతమంటే ముప్ఫై గ్రాములు, మనం తినేదానికి మూడింతలు. ఉప్పు పోతే దాని వెంట నీళ్లూ పోతాయి, రక్తం పరిమాణం తగ్గుతుంది, రక్తపోటు పడిపోతుంది. ఇటు పోవాల్సిన పొటాషియం పోకుండా పేరుకుని గుండె లయని చెడగొడుతుంది.

దీనికి తలకిందులు కూడా ఉంది. అల్డోస్టెరాన్ అవసరానికి మించి తయారైతే ఉప్పు నిలవబడి రక్తపోటు పెరుగుతుంది. 1955లో జెరోమ్ కాన్ దీన్ని గుర్తించాడు. ఇవాళ మన ఇళ్లల్లో బీపీకి వేసుకునే టెల్మిసార్టాన్, లోసార్టాన్ మాత్రలు చేసే పనుల్లో ఒకటి, అల్డోస్టెరాన్ వదలమని బెరడుకి వెళ్లే కబురుని మధ్యలో ఆపడం.

ఆ అమెరికా పిల్లవాడికి ఉన్నది బహుశా పుట్టుకతో వచ్చే ఎంజైము లోపమే. కార్టిసాల్, అల్డోస్టెరాన్ తయారీ మధ్యలో ఆగిపోతుంది, ఆగిన సరుకు పురుష హార్మోన్ల దారి పడుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బిడ్డకి జబ్బు కనబడుతుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతాల్లో ఈ మాట గుర్తుంచుకోదగ్గది. భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాదుతో సహా అయిదు నగరాల్లో లక్షమందికి పైగా శిశువులని పరీక్షించినప్పుడు సుమారు 5,700 మందికి ఒకరిలో ఇది తేలింది. జబ్బు తీవ్రంగా ఉంటే పుట్టిన రెండు మూడు వారాల్లో బిడ్డ పాలు తాగడం మానేసి, వాంతులు చేసుకుని, నీరసించిపోతుంది. పాలు పడలేదనో, దిష్టి తగిలిందనో అనుకునేలోపు చేయి దాటిపోతుంది. మడమ దగ్గర తీసే ఒక్క రక్తపు చుక్కతో ముందే కనిపెట్టొచ్చు. హార్మోను మాత్రలు, పసితనంలో కాస్త ఉప్పు, ఇంతే వైద్యం.

పెద్దవాళ్లలో బెరడు పాడైపోయే జబ్బుని లండన్ గైస్ ఆస్పత్రి వైద్యుడు థామస్ అడిసన్ 1855లో పదకొండుమంది రోగుల కథలతో వర్ణించాడు. నీరసం, బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, వీటికి తోడు చర్మం నల్లబడటం. ఆ రోజుల్లో ముఖ్య కారణం క్షయ. మన దేశంలో ఇప్పటికీ క్షయని మర్చిపోవడానికి లేదు. చర్మం ఎందుకు నల్లబడుతుందంటే, కార్టిసాల్ రావడంలేదని మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోనుని అదేపనిగా పంపుతూ ఉంటుంది. ఆ ఏసీటీహెచ్‌కి చర్మానికి రంగునిచ్చే కణాలని కూడా కదిలించే గుణం ఉంది. తెల్లవాళ్లలో ఇది ఎండకి కమిలిన రంగులా కనబడుతుంది. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఈ జబ్బే ఉండేది, 1947లో లండన్‌లో బయటపడింది. మన ఛాయల్లో పోల్చుకోవడం కష్టం, ఎండలో తిరిగి నల్లబడ్డాడంటారు ఇంట్లోవాళ్లు. డాక్టరు చిగుళ్లు చూస్తాడు, అరచేతి గీతలు చూస్తాడు. ఎండ తగలని చోట నలుపెలా వచ్చిందన్నదే ఆయన ప్రశ్న. ఆధార్ కార్డులో ఫొటో పక్కనపెట్టి చూసినా కొన్నిసార్లు తేడా తెలిసిపోతుంది.

తెల్లవారుజామున పెరిగేది

నడిమి పొర చేసే కార్టిసాల్‌ని ఒత్తిడి హార్మోను అని పత్రికలు తిట్టిపోస్తుంటాయి. నాకిది అన్యాయమనిపిస్తుంది. ఏ ఒత్తిడీ లేని రోజున కూడా ఇది తెల్లవారుజామున పెరగడం మొదలై, నిద్ర లేచే వేళకి పతాకస్థాయికి వెళ్లి, రాత్రికి అడుగంటుతుంది. రాత్రంతా ఏమీ తినకపోయినా పొద్దున్న లేచేసరికి రక్తంలో చక్కెర నిలబడి ఉండటానికి ఇదొక కారణం. కండలోని మాంసకృత్తుల నుంచి కాలేయం చక్కెర తయారు చేసుకునేలా చేస్తుంది. రక్తనాళాలు అడ్రినలిన్ మాట వినాలన్నా ఇది ఉండాలి. రోగనిరోధక వ్యవస్థ అతిగా రెచ్చిపోకుండా పట్టి ఉంచుతుంది.

ఆఖరి గుణమే దాన్ని మందుల షాపుకి చేర్చింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతం రోగులని చూసేవాడు. కామెర్లు వచ్చినప్పుడూ, గర్భంతో ఉన్నప్పుడూ వాళ్ల కీళ్లనొప్పులు తగ్గిపోవడం గమనించాడు. అదే సంస్థలో ఎడ్వర్డ్ కెండాల్ అడ్రినల్ బెరడు పదార్థాలని ఒక్కొక్కటే విడదీసి ఎ, బి, సి అని పేర్లు పెడుతున్నాడు. 1948 సెప్టెంబరులో మంచం దిగలేని ఇరవై తొమ్మిదేళ్ల స్త్రీకి వాటిలో 'ఇ' పదార్థాన్ని సూదిగా ఇచ్చారు. కొద్ది రోజుల్లో నడిచింది, వారానికి బజారుకెళ్లొచ్చింది. ఆ మందు కార్టిసోన్. రెండేళ్లకే హెంచ్, కెండాల్‌లతో పాటు స్విట్జర్లాండ్‌కి చెందిన రైఖ్‌స్టైన్‌కీ నోబెల్ బహుమతి వచ్చింది. అంతలోనే చిక్కులు కూడా కనబడ్డాయి: మొహం గుండ్రంగా ఉబ్బడం, చక్కెర పెరగడం, ఎముకలు గుల్లబారడం. మందు ఆపితే నొప్పులు మళ్లీ రావడం సరేసరి.

క్యారేజీ వచ్చే ఇల్లు

ఇప్పుడు మన ఊళ్లకి వద్దాం. మోకాళ్ల నొప్పులకి పేరు రాయని పొట్లంలో మాత్రలు, ఆయాసానికి ఒక సూది, మొహం తెల్లబడటానికి ఒక క్రీము. వీటిలో చాలాసార్లు ఉండేది కార్టిసాల్ చుట్టాలైన స్టిరాయిడ్లే: ప్రెడ్నిసలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్. మూలికల మందని అమ్మే పొడుల్లో కూడా వీటిని కలిపి పట్టుబడిన సందర్భాలున్నాయి. వేసుకున్న రోజే హాయిగా ఉంటుంది, ఆకలి వేస్తుంది, ఒళ్లు చేస్తుంది. మంచి హస్తవాసి అంటారు.

బెరడు రోజుకి చేసే కార్టిసాల్ దాదాపు పది మిల్లీగ్రాములు. డెక్సామెథసోన్ దానికంటే పాతిక రెట్లకి పైగా బలమైనది. అంటే అర మిల్లీగ్రాము చిన్న మాత్ర ఒక్కటి ఒంట్లో తయారయ్యే పూర్తి రోజు సరుకుకి సమానం, లేదా ఎక్కువ. నాలుగిళ్లవతల కర్రీ పాయింట్ నుంచి రోజూ క్యారేజీ వచ్చే ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోండి. మొదటి వారం వంటగదిలో అన్నమైనా పెడతారు. నెలకి పొయ్యి వెలిగించడం మానేస్తారు. ఆర్నెల్లకి గ్యాస్ అయిపోయిందో లేదో చూసేవాళ్లుండరు, పప్పుల డబ్బాలకి పురుగు పడుతుంది. రక్తంలో బయటి సరుకు నిండుగా కనబడుతున్నంతకాలం పీయూష గ్రంథి ఏసీటీహెచ్ పంపదు. ఏసీటీహెచ్ లేని బెరడు నడిమి పొర ఎండి సన్నబడిపోతుంది. ఒకరోజు డబ్బుల్లేకో, పక్కింటాయన భయపెట్టాడనో మాత్రలు ఒక్కసారిగా మానేస్తారు. క్యారేజీ రాలేదు, పొయ్యి వెలగదు. ఆ సమయంలో జ్వరమో విరేచనాలో తోడైతే రక్తపోటు పడిపోయి, చక్కెర పడిపోయి, మనిషి స్పృహ తప్పుతాడు. రాసిచ్చినాయన దగ్గర చీటీ లేదు, ఏం వాడారో ఇంట్లోవాళ్లకి తెలియదు. ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు గుండ్రటి మొహం, పొట్ట మీది ఊదారంగు చారలు, పలచబడిన చర్మం చూసి అనుమానించి హైడ్రోకార్టిసోన్, అంటే కార్టిసాల్‌నే, సూదిగా ఇచ్చాడా, గంటల్లో లేచి కూర్చుంటాడు.

మందు చెడ్డదని కాదు. 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన రికవరీ పరిశోధనలో, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో డెక్సామెథసోన్ చావుల్ని సుమారు మూడో వంతు తగ్గించింది. అదే పరిశోధన, ఆక్సిజన్ అవసరంలేని వాళ్లకి దీంతో లాభం కనబడలేదని కూడా చెప్పింది. ఆ రెండో వాక్యాన్ని చాలామంది వినలేదు. 2021 రెండో వేవ్‌లో వాట్సాప్ చీటీలు చూసి మొదటి రోజు నుంచే మింగారు. అదుపులేని మధుమేహానికి స్టిరాయిడ్ తోడైన ఒళ్లల్లో బ్లాక్ ఫంగస్ పాకింది, హైదరాబాదు కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ఆ రోగులతో నిండిపోయింది.

సాధారణంగా మూడు వారాలు దాటి వాడితే ఈ మందుల్ని మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. బెరడు మళ్లీ మేలుకుందో లేదో తెలుసుకోవడానికి పొద్దున్న ఎనిమిది గంటల ప్రాంతంలో రక్తం తీసి కార్టిసాల్ చూస్తారు. ఆ వేళకి అది పెరిగి ఉండాలి కనుక. అనుమానముంటే ఏసీటీహెచ్ సూది ఇచ్చి అరగంటకో గంటకో మళ్లీ రక్తం తీస్తారు. కొందరిలో పూర్తిగా తేరుకోవడానికి ఏడాది పట్టొచ్చు. ఆ ఏడాదిలో ఆపరేషన్ అవసరమైతే, కత్తిగాటుకి మామూలు బెరడు కార్టిసాల్‌ని ఎన్నో రెట్లు పెంచుతుంది, ఈ బెరడు పెంచలేదు. ఆపరేషన్ ముందురోజు మత్తు డాక్టరు మంచం పక్కకొచ్చి, ఈమధ్య ఎప్పుడైనా నొప్పులకీ ఆయాసానికీ స్టిరాయిడ్ మాత్రలు వాడారా, పొడులేమైనా తిన్నారా అని రెండుసార్లు గుచ్చి గుచ్చి అడిగేది ఇందుకే. వాడారంటే ఆపరేషన్ బల్ల మీద హైడ్రోకార్టిసోన్ సిద్ధంగా పెట్టుకుంటాడు.